రొయ్యల ప్లాంటులో ఏడు తలుపులు: వేలిముద్ర ఎక్కడ ఓడింది, దాని బదులు ఏం పెట్టారు

‘వేలిముద్రగాడు’ అంటే మన వైపు చదువు రానివాడని ఎగతాళి. రొయ్యల ప్లాంటులో ఆ మాట తిరగబడింది. ఏళ్ల తరబడి తొక్క వలిచిన మనిషికి సంతకం శుభ్రంగా వస్తుంది, వేలిముద్రే పడదు.

ఈ కేసు భీమవరం పరిసరాల్లోని ఒక ఎగుమతి ప్లాంటుది. పేరుతో పని లేదు. ఉండి, ఆకివీడు, నరసాపురం వైపు ఏ ప్లాంటుకెళ్లినా దాదాపు ఇవే తలుపులు, ఇవే చేతులు. షిఫ్టుకు సుమారు 300 మంది చొప్పున రెండు షిఫ్టులు. ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాంట్రాక్టరు వ్యాన్లలో వచ్చే ఆడవాళ్లు. తల తీయడం, తొక్క వలవడం, వెన్నులోని నరం లాగడం, గ్రేడింగు, ప్యాకింగు, అక్కడి నుంచి ఫ్రీజరు, కోల్డ్ స్టోరు. వీటి మధ్య అందరూ వెళ్లకూడని గదులు ఏడున్నాయి: అమ్మోనియా కంప్రెసర్ రూము (ఫ్రీజర్లను చల్లబరిచే యంత్రాల గది), కెమికల్ స్టోరు, రెండు కోల్డ్ స్టోర్లు, ల్యాబ్‌లోని శాంపిల్ గది, లేబుల్ స్టోరు, సర్వర్ గది.

కంప్రెసర్ రూముకూ కెమికల్ స్టోరుకూ తాళం ఎందుకో చెప్పక్కర్లేదు. శాంపిల్ గది సంగతి బయటివాళ్లకు తట్టదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే కంటైనరు వెనక్కి వస్తుంది. అందుకే ప్రతి లాటు నుంచి శాంపిల్ తీసి పెడతారు. ఆ గదిలోకి ఎవరైనా వెళ్లి ఒక సంచి మార్చగలిగితే రిపోర్టు మొత్తానికి విలువ లేదు. లేబుల్ స్టోరూ అంతే. లాటు కోడు, ప్లాంటు అప్రూవల్ నంబరు ఉన్న రోలు ఒక్కటి బయటికి పోతే ఎవరి సరుకో ఈ ప్లాంటు పేరుతో తిరుగుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2016లో తెచ్చిన ఉద్దేశపూర్వక కల్తీ నిరోధక నిబంధన తర్వాత, అక్కడి కొనుగోలుదారుల ఆడిటర్లు తాళం ఉందా అని అడిగి ఊరుకోవడం లేదు. ఫలానా రోజు ఫలానా గంటకు లోపలికి వెళ్లిందెవరో చూపించమంటున్నారు.

మొదటి ఏర్పాటు

ఏడు తలుపులకూ ఏడు వేలిముద్ర మెషీన్లు బిగించారు. ఆప్టికల్ సెన్సరు, రిలే (తాళానికి కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్చి), మెమరీ అన్నీ ఒకే డబ్బాలో ఉండే చవక రకం. 600 మంది కుడి బొటనవేలు ఎక్కించి, అదే జాబితాను ఏడు మెషీన్లలోకీ కాపీ చేశారు. పనిలో పనిగా హాజరు కూడా వాటితోనే.

కొద్ది వారాలకే కోల్డ్ స్టోరు ముందు కథ మారింది.

‘ఇంకోసారి పెట్టండక్కా.’

‘ఎన్నిసార్లు పెట్టమంటావు బాబూ? ముద్రుంటే కదా పడేది!’

వాచ్‌మన్ జేబులోంచి మాస్టర్ కార్డు బయటికొచ్చింది. తర్వాత ఆ కార్డు మెషీను పక్కనే మేకుకు వేలాడింది. ఆ తర్వాత కార్డు కూడా అక్కర్లేకుండా తలుపు సందులో ఐస్ క్రేటు వచ్చి కూచుంది. మామూలు తాళం ఉన్న రోజుల్లో తాళంచెవి ఎవరి దగ్గరుందో కనీసం తెలిసేది. ఇప్పుడు రికార్డు నిండా ‘మాస్టర్ కార్డు, మాస్టర్ కార్డు’ అని మాత్రమే ఉంది.

వేలు ఎందుకు పడలేదు

మూడు కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

మొదటిది అరుగుదల. తొక్క వలిచేటప్పుడు భారమంతా బొటనవేలు, చూపుడువేలి కొనల మీదే పడుతుంది. పెంకు అంచు గరుకుగా గీరుతుంది, తల మీది ముల్లు గుచ్చుకుంటుంది. గీతల ఎత్తు తగ్గిపోయి సెన్సరుకు నున్నటి బొమ్మ కనిపిస్తుంది. మెషీనులో ఎక్కించింది సరిగ్గా ఆ బొటనవేలినే.

రెండోది తడి. గంటల తరబడి ఐసు నీళ్లలో, మధ్యమధ్య క్లోరిన్ డిప్‌లో నానిన వేలి చర్మం ముడతలు పడుతుంది. ఆప్టికల్ సెన్సరు పనిచేసే తీరు ఇది: గాజు మీద గీత ఆనిన చోట కాంతి తిరిగి రాదు, పల్లం ఉన్న చోట గాలి ఉంటుంది కాబట్టి పూర్తిగా తిరిగి వస్తుంది. పల్లాల్లో నీళ్లు నిండితే ఆ తేడా పోయి వేలంతా నల్లటి మరకలా పడుతుంది. కెపాసిటివ్ సెన్సరు తెస్తే బాగుంటుందని ఎవరో ఒకరు అంటారు. దానికీ నీళ్లంటే గిట్టదు, తడి పొర గీతకూ పల్లానికీ మధ్య విద్యుత్ తేడాను చెరిపేస్తుంది. చర్మం లోపలి పొరను కూడా చూసే మల్టీస్పెక్ట్రల్ సెన్సర్లు తడిని బాగా తట్టుకుంటాయి. కానీ ఖరీదెక్కువ, పైగా గ్లవ్స్ తీయక తప్పదు. గ్లవ్స్ తీస్తే మళ్లీ చెయ్యి కడిగి, డిప్‌లో ముంచి, తొడుక్కోవాలి. శుభ్రత నియమం ఒకవైపు లాగితే తాళం ఇంకోవైపు లాగుతుంది.

మూడోది మనిషి పని కాదు, లెక్క. ఫాల్స్ రిజెక్టులు, అంటే అసలు మనిషినే మెషీను కాదనడం, తట్టుకోలేక, ముద్ర ఎంత దగ్గరగా సరిపోలాలన్న సెట్టింగు దించేశారు. వేలు పడకపోతే సెట్టింగు దించడం అందరూ చేసే పనే. ఫలితం ఎవరికీ కనిపించదు. ఒక పోలికలో తప్పుగా ఒప్పుకునే అవకాశం లక్షకు ఒకటి అనుకుందాం. వచ్చిన వేలిని 600 ముద్రలతో పోల్చే మెషీనులో అది దాదాపు 600 రెట్లవుతుంది. అంటే బయటివాడు వేలు పెడితే 167 సార్లలో ఒకసారి ఎవరో ఒకరి పేరు మీద తలుపు తెరుచుకోవచ్చు. సెట్టింగు దించి దాన్ని పదివేలకు ఒకటి చేస్తే 17 సార్లకు ఒకసారి. అదే జాబితాలో 35 మందే ఉంటే, లక్షకు ఒకటి దగ్గర, దాదాపు 2,860 సార్లకు ఒకసారి. మెషీను మార్చకుండా, రూపాయి ఖర్చు లేకుండా జాబితా కుదించడం వల్లే వచ్చిన తేడా ఇది.

హాజరు వేరు, తలుపు వేరు

మార్పు ఇక్కడి నుంచే మొదలైంది. హాజరుకు అందరూ కావాలి, తలుపుకు కొందరే కావాలి. రెంటినీ ఒకే మెషీనుకు కట్టేస్తే రెండూ చెడతాయి. ఏడు తలుపులకూ కలిపి నిజంగా వెళ్లాల్సినవాళ్లు ఎవరని సూపర్‌వైజర్లను కూచోబెట్టి రాయిస్తే 35 మంది తేలారు. కంప్రెసర్ రూముకు 8 మంది, కోల్డ్ స్టోర్లకు 14, మిగతా గదులకు మిగతావాళ్లు. ఈ జాబితా రాయడం సాంకేతిక పని కాకపోయినా, మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ గొడవ జరిగింది దీని మీదే. ‘నాకెందుకు లేదండి?’ అన్న ప్రశ్నకు హోదా జవాబు కాకూడదు, పని జవాబు కావాలి.

హాజరును చేంజ్ రూము బయటికి మార్చారు. అక్కడ మాస్కు, తలటోపీ ఇంకా పెట్టుకోరు, చేతులు పొడిగా ఉంటాయి. రెండు ఫేస్ రీడర్లు పెట్టారు. లెక్క తేలికే: 300 మంది, రెండు రీడర్లు, మనిషికి 2 సెకన్లయితే 5 నిమిషాలు. వేలిముద్రతో రెండు మూడుసార్లు పెట్టి మనిషికి 8 సెకన్లు పడితే 20 నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలూ గేటు దగ్గర నిలబడేది రోజు కూలికి వచ్చినవాళ్లు. ఆ ఆలస్యానికి వాళ్ల హాజరు కోసేవాళ్లంటే ఇక మెషీను మీద గౌరవం ఎక్కడుంటుంది?

తలుపుకొక తీరు

ఒకే రకం రీడరు అన్నిచోట్లా పెట్టాలన్న కోరిక స్టోర్సువాళ్లది, స్పేర్లు సులువని. దానికి లొంగలేదు.

సర్వర్ గది, లేబుల్ స్టోరు: వేలిముద్రే ఉంచారు. ఆఫీసు చేతులు, పొడి గది. కార్డు చూపించి వేలు పెట్టాలి. అంటే మెషీను 35 మందితో పోల్చదు, ఆ కార్డు మనిషి ఒక్కడితోనే పోలుస్తుంది. శాంపిల్ గదికి ఫేస్ రీడరు. ల్యాబువాళ్ల వేళ్లు తడివి కావు, కానీ రోజంతా శానిటైజరు రాసి రాసి ఎండిపోయి గీతలు ముక్కలుముక్కలుగా పడతాయి. తడి ఎంత చెరుపో అతి పొడీ అంతే.

కెమికల్ స్టోరుకు బయోమెట్రిక్ పెట్టలేదు. హైపోక్లోరైట్ ఆవిరి తగిలే గోడ మీద ఏ రీడరు పెట్టినా కాంటాక్టులు తుప్పు పట్టి కొన్నాళ్లకే పోతుంది. స్టీలు కీప్యాడ్, కార్డు, ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు 10 సెకన్లలోపు చూపిస్తేనే తెరుచుకునే సెట్టింగు. అక్కడ కావాల్సింది ‘ఎవరు’ అన్నదానికన్నా ‘ఒంటరిగా వద్దు’ అన్నది.

కంప్రెసర్ రూము

ఎక్కువ తప్పులు జరిగేది, తప్పు జరిగితే ప్రాణం పోయేది ఇక్కడే.

పాత ఏర్పాటులో ఈ తలుపుకు మ్యాగ్నెటిక్ లాకు, అంటే కరెంటు ఉన్నంతసేపు అయస్కాంతంతో పట్టి ఉంచే తాళం, ఉండేది. లోపలి నుంచి రావాలంటే గోడ మీది బటన్ నొక్కాలి. అమ్మోనియా లీకైన గదిలో మనిషి కళ్లు తెరవలేడు. 300 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 300) దగ్గరే ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా పని భద్రతా సంస్థ నియోష్ హద్దు పెట్టింది. సీలు ఊడిన కంప్రెసర్ దగ్గర దాన్ని దాటడానికి ఎంతోసేపు పట్టదు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, గోడ మీద రూపాయి బిళ్లంత బటన్ వెతకమనడం ఘోరం.

కొత్త ఏర్పాటులో మ్యాగ్నెట్ తీసేశారు. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పారు. లోపలి వైపు నడుం ఎత్తులో అడ్డంగా పుష్ బార్. తుంటితో తోసినా తెరుచుకుంటుంది, కరెంటుతో, కంట్రోలరుతో సంబంధం లేదు. బయటి వైపు ఎలక్ట్రిక్ స్ట్రైక్ (గడియను పట్టి ఉంచే కరెంటు కొక్కెం), కరెంటు పోతే బయటి నుంచి మూసే ఉంటుంది. లోపలికి వెళ్లడానికే గుర్తింపు, బయటికి రావడానికి ఏ గుర్తింపూ లేదు. దీన్ని సడలించమని ఎవరడిగినా ఒప్పుకోకూడదు.

బయటి రీడరుకు ఫేస్ ఎంచుకున్నారు, ఆపరేటర్ల చేతులకు ఎప్పుడూ కంప్రెసర్ ఆయిలే. కానీ దీనిలోనే ఇంకో చిక్కుంది. లీకైనప్పుడు లోపలికి వెళ్లే మనిషి బ్రీతింగ్ సెట్ తగిలించుకుని వెళ్తాడు. ముఖమంతా మాస్కే. ఫేస్ రీడరు అతన్ని గుర్తుపట్టదు. ఆ సమయానికి మెయిను ట్రిప్ చేసి ఉండొచ్చు కూడా. అందుకే మామూలు తాళంచెవి ఒకటి, సెక్యూరిటీ గది గోడకు గాజు పెట్టెలో ఉంచారు. గాజు పగలగొడితే అలారం. కంప్రెసర్లు ఆపే ఎమర్జెన్సీ స్విచ్చి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్చి రెండూ తలుపుకు బయటే ఉండాలి. పాతదాంట్లో ఫ్యాన్ స్విచ్చి తాళం వేసిన గది లోపలే ఉండేది!

ఈ గదిలో ఇంకో రెండు జాగ్రత్తలు. అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తింటుంది, కాబట్టి లోపల ఇత్తడి గ్లాండ్లు (తీగ డబ్బాలోకి దూరే చోట బిగించే బిరడాలు), బయటికి తేలిన రాగి కొసలు ఉండకూడదు; నైలాన్ లేదా స్టీలు గ్లాండ్లు వాడాలి. గాలిలో 15 నుంచి 28 శాతం మధ్య అమ్మోనియా మండగలదు. కాబట్టి రిలే, కంట్రోలరు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) ఏవీ ఈ గదిలో పెట్టలేదు, పక్క కారిడార్‌లో పెట్టారు.

కోల్డ్ స్టోర్లు

లోపల మైనస్ 18. వెళ్లేవాళ్లకు హుడ్, మాస్కు, రెండు జతల గ్లవ్స్. కనిపించేవి కళ్లే. రేషన్ దుకాణంలో వేలు పడని పెద్దవాళ్లకు ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) మెషీను చూపించడం అందరూ చూసిందే. ఇక్కడా అదే దారి పట్టారు. ఐరిస్ రీడరు పరారుణ కాంతి దగ్గరి అంచులో, 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య, బొమ్మ తీస్తుంది. కాబట్టి నల్లటి కళ్లలోనూ గీతలు స్పష్టంగా పడతాయి.

పెట్టిన వారానికే ఫిర్యాదు వచ్చింది: పొద్దున బాగుంటోంది, సరుకు ఎక్కించే వేళ పనిచేయడం లేదు. మెషీనుది తప్పు కాదు, గోదావరి గాలిది. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలికి మంచుబిందువు దాదాపు 26 డిగ్రీలు. అంతకన్నా చల్లబడిన ఏ గాజు మీదైనా నీటి పొర పడుతుంది. కోల్డ్ స్టోరు తలుపు తెరిచినప్పుడల్లా చల్లగాలి కింది నుంచి పొర్లి వచ్చి రీడరు గాజును తాకుతోంది. సరుకు ఎక్కించేటప్పుడు తలుపు గంటల తరబడి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. కళ్లజోడు పెట్టుకున్నవాళ్ల అద్దాలూ అలాగే మసకబారతాయి.

మూడు పనులు చేశారు. రీడరును తలుపు అంచు నుంచి మీటరున్నర దూరం జరిపి, గోడకు ఆనకుండా చిన్న స్టాండ్‌ఆఫ్‌ల మీద బిగించారు, ఎందుకంటే ఆ గోడ వెనక చలే ఉంది. రీడరు మీది స్టీలు హుడ్‌కు లోపలి వైపు 68 ఓమ్, 5 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరు అతికించి 12 వోల్టులు ఇచ్చారు. 2 వాట్ల వేడి వస్తుంది, గాజును మంచుబిందువుకు పైన ఉంచడానికి అది చాలింది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుందంతే. దీన్ని రీడరు లోపల పెట్టకూడదు, వారంటీ పోతుంది.

మూడోది తాళం స్థానం. పాత మ్యాగ్నెటిక్ లాకు కోల్డ్ స్టోరు తలుపుకే ఉండేది. మ్యాగ్నెట్‌కూ ప్లేటుకూ మధ్య కాగితం మందం ఐసు చేరినా పట్టు సగానికి సగం పడిపోతుంది. తాళాన్ని అక్కడి నుంచి తీసి, దాని ముందు గది అయిన యాంటీరూము తలుపుకు పెట్టారు. కోల్డ్ స్టోరు తలుపుకు మామూలు హ్యాండిలే, లోపలి నుంచి తోసే రిలీజ్ నాబ్, వేరే కరెంటుతో నడిచే ‘లోపల మనిషి చిక్కాడు’ అలారం. ఏ తాళమైనా చలిలో పెట్టొద్దన్నది ఈ రెండు గదులు నేర్పిన పాఠం.

కంటి శుక్లం ఆపరేషన్ అయినవాళ్లను మళ్లీ ఎక్కించాల్సి రావచ్చు. ఒక కంటికే అయితే రెండో కన్ను నడుస్తుంది. అందుకే మొదటే రెండు కళ్లూ ఎక్కించాలి.

వైరింగ్‌లో దాగిన తలుపులు

గోడ బయటి వైపు ఉన్న డబ్బాలోనే రిలే ఉంటే దొంగకు బయోమెట్రిక్‌తో పని లేదు. నాలుగు మరలు విప్పి డబ్బా లాగి, రిలేకు వెళ్లే రెండు వైర్లను ముట్టిస్తే లేదా తెంపితే తలుపు తెరుచుకుంటుంది. పాత మెషీన్లన్నీ ఇలాగే ఉన్నాయి. కొత్తదాంట్లో బయట చూసే కన్ను మాత్రమే, తీర్పు చెప్పే కంట్రోలరు భద్రమైన వైపు. రీడరు నుంచి కంట్రోలరుకు పాత పద్ధతి వీగాండ్ వైర్లు కాకుండా ఆర్‌ఎస్-485 తీగల మీద ఓఎస్‌డీపీ (ఆ రెండూ మాట్లాడుకునే కొత్త పద్ధతి), అదీ సెక్యూర్ ఛానల్ ఆన్ చేసి. వీగాండ్‌లో 26 బిట్లు బహిరంగంగా వెళ్తాయి, మధ్యలో చిన్న బోర్డు తగిలించి కాపీ చేసుకోవచ్చు. ఓఎస్‌డీపీ ఏఈఎస్-128తో గుప్తీకరిస్తుంది. అయితే చాలామంది ఇన్‌స్టాలర్లు కంపెనీ నుంచి వచ్చిన డిఫాల్ట్ కీ అలాగే వదిలేస్తారు. బిల్లు మీద ‘సెక్యూర్’ అని రాసుంటే సరిపోదు, కీ మార్చారో లేదో కమిషనింగ్ షీటులో సంతకం తీసుకోవాలి.

వోల్టేజి సంగతి. 600 పౌండ్ల, అంటే సుమారు 270 కిలోల మ్యాగ్నెటిక్ లాకు 12 వోల్టుల దగ్గర దాదాపు అర ఆంపియర్ లాగుతుంది. యాంటీరూములకు 40 మీటర్ల దూరం. ముందు వాడిన 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోను రాను 80 మీటర్లకు 2.75 ఓమ్‌లు, అంటే 1.4 వోల్టుల నష్టం. లాకు దగ్గరికి 10.6 చేరుతోంది. పట్టు దాదాపు కరెంటు వర్గం (స్క్వేర్) లెక్కన పడుతుంది కాబట్టి ఐదో వంతుకు పైగా బలం దారిలోనే పోయింది. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం అర వోల్టు లోపే. మల్టీమీటరును లాకు టెర్మినల్స్ దగ్గర, లాకు పట్టి ఉన్నప్పుడు పెట్టి చూడాలి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర చూస్తే ఎప్పుడూ 12 ఉంటుంది, అదే మోసం.

రిలే కాంటాక్టులు అతుక్కుపోవడం ఇంకో పాత జబ్బు. లాకులోని తీగచుట్టకు కరెంటు ఆపగానే ఎదురు వోల్టేజి కొడుతుంది, కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. కొన్ని నెలలకు కాంటాక్టు వెల్డయి తలుపు తెరుచుకోవడం మానేస్తుంది. లాకు టెర్మినల్స్ మీదే ఒక 1ఎన్4007 డయోడు, వెండి గీత ఉన్న కొస పాజిటివ్‌కు. తిరగేసి పెడితే సప్లై షార్టవుతుంది. లాకు లోపలే రక్షణ ఉందని కంపెనీ రాసి ఉంటే మళ్లీ వద్దు.

కరెంటు కోతకు లెక్క: లాకు 0.5, కంట్రోలరు 0.25, రీడరు 0.5, వెరసి 1.25 ఆంపియర్లు. 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కాగితం మీద ఐదున్నర గంటలు, రెండేళ్ల పాత బ్యాటరీ అయితే నాలుగు కూడా అనుమానమే. జనరేటరు ఉన్న ప్లాంటులో మామూలు రోజుల్లో అది చాలు. తుపానుకు జనరేటరు డీజిలు అయిపోతే చాలదు. యాంటీరూములకు 26 ఏహెచ్ పెట్టారు. అదీ అయిపోతే మ్యాగ్నెట్ వదిలేస్తుంది, తలుపు తెరుచుకునే ఉంటుంది. దానికి మందు బ్యాటరీ కాదు, తలుపు బయట మామూలు గడియ, తాళంకప్ప, ఒక రిజిస్టరు. లోపల ఎవరూ లేరని ఇద్దరు చూసి సంతకం పెట్టాకే తాళం వేయాలి.

బ్యాటరీ లేకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా నడిపే లాకులు ఇంకా చాలా ప్లాంట్లలో ఉన్నాయి. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ పది పదిహేను సెకన్లు అన్ని తలుపులూ వదులే. ఆ సంగతి ముందు కనిపెట్టేది హెల్పర్లే.

ఎక్కించడం, పరీక్షించడం

వేలిముద్ర మిగిలిన రెండు గదులకు కూడా బొటనవేలు వదిలేసి ఎడమచేతి మధ్యవేలు, ఉంగరపువేలు ఎక్కించారు. ఒక్కో వేలు మూడేసి సార్లు, ముద్ర నాణ్యతను కొలిచే ఎన్‌ఎఫ్‌ఐక్యూ 2 స్కోరు సున్నా నుంచి 100లో తక్కువ వస్తే వేలు మార్చి. షిఫ్టు మొదట్లో ఎక్కిస్తే అందరివీ బాగానే వస్తాయి, కాబట్టి అప్పటి పరీక్షకు విలువ లేదు. కోల్డ్ స్టోరువాళ్లను లోపల 20 నిమిషాలు పనిచేసి బయటికి వచ్చాక, ఆపరేటర్లను షిఫ్టు చివర, ల్యాబువాళ్లను శానిటైజరు రాశాక పరీక్షించారు.

ఎన్నిసార్లు? 300 ప్రయత్నాల్లో ఒక్క తప్పూ రాకపోతే, తప్పుల రేటు ఒక శాతం లోపే అని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. మూడును ప్రయత్నాల సంఖ్యతో భాగిస్తే చాలు. సప్లయరు ఇరవైసార్లు చూపించి ‘పర్ఫెక్టండి’ అంటే ఆ లెక్క ప్రకారం 15 శాతం తప్పులు దాగి ఉండే చోటుంది.

మోసాన్ని కూడా పరీక్షించారు. ఫేస్ రీడర్లకు ఫోన్‌లో ఫొటో, వీడియో, ముద్రించిన బొమ్మ. వేలిముద్రకు తెల్ల జిగురుతో చేసిన నకలు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రల నుంచి నకళ్లు చేసి ఆధార్ చెల్లింపుల్లో డబ్బు లాగేసిన కేసులు దేశంలో నమోదయ్యాయి కాబట్టి ఇది సినిమా సంగతి కాదు. కొనేటప్పుడే, నకళ్లను పట్టుకోగలదా అని పరీక్షించే ఐఎస్ఓ/ఐఈసీ 30107-3 ప్రమాణం ప్రకారం పరీక్ష రిపోర్టు అడగాలి.

ఎక్కించే చోట గుర్తింపు కార్డు చూసేవాడొకడు, మెషీను నొక్కేవాడింకొకడు. మేస్త్రి తీసుకొచ్చిన మనిషిని మేస్త్రి మాట మీద ఎక్కించడం కుదరదు. నెలకోసారి జీతాల జాబితాతో సరిపోల్చి, మానేసినవాళ్లను తీసేయాలి. కాంట్రాక్టరు మారిన నెల ఇది తప్పకుండా జారిపోతుంది.

ముద్ర ఎవరిది

పనివాళ్లకు ఒక భయం ఉంది: ‘ఇది ఆధార్‌కు పోతుందా అండి?’ పోదు. ప్లాంటు కంట్రోలరులోని టెంప్లేటుకూ (ముద్ర, ముఖం, కన్ను నుంచి తీసిన గుర్తుల అంకెలు) ఆధార్‌కూ లింకు లేదు, ఉండకూడదు. ఆ మాట తెలుగులో రాసి చేంజ్ రూములో అంటించారు: ఏం తీసుకుంటున్నాం, ఎందుకు, ఎక్కడ ఉంటుంది, మానేస్తే ఎప్పుడు చెరిపేస్తాం, ఎవరిని అడగాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం ఇచ్చే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేంట్లోనైనా చదువుకునే వీలుండాలి. చదవలేనివాళ్లకు సూపర్‌వైజరు వినిపించాలి. తాళంచెవి పోతే మార్చుకుంటాం, కన్ను పోతే మార్చుకోలేం కాబట్టి ముఖం, ఐరిస్ బొమ్మలు నిల్వ పెట్టకుండా టెంప్లేటు మాత్రమే, గుప్తీకరించి ఉంచారు. పాత మెషీన్లను తుక్కుకు అమ్మే ముందు మెమరీ చెరిపారు. అందులో 600 మంది ముద్రలున్నాయి.

ఇంకా వేధించేవి

పురుగులు. చెరువుల మధ్య ప్లాంటు, వాన వెలిసిన సాయంత్రం ఉసుళ్లు కమ్ముకుంటాయి. ఫేస్ రీడరు తెల్ల లైటు వాటిని పిలుస్తుంది, వాటి కోసం సాలీడు, సాలీడు కోసం బల్లి. సాలెగూడు పోగు ఒక్కటి లెన్సు ముందున్నా పరారుణ కాంతిలో తెల్లగా మెరిసి ముఖాన్ని చీలుస్తుంది. రీడరు లైటు తగ్గించి, మూడు మీటర్ల అవతల తెల్ల లైటు ఒకటి వెలిగిస్తే పురుగులు అటు పోతాయి. వాడని గ్లాండ్ రంధ్రాలను మూయాలి. కంట్రోలరు డబ్బా తెరిస్తే బోర్డు మీద ఎండిన బల్లి, దాని కింద కాలిన రెండు టెర్మినల్స్ కనిపించడం ఈ జిల్లాలో టెక్నీషియన్లకు కొత్తేం కాదు.

కడుగుడు. రాత్రి శుభ్రం చేసేవాళ్లు క్లోరిన్ నీళ్ల పైపు గోడ మీదికి కొడతారు. ఐపీ 65 (నీటి ధారను తట్టుకుంటుందన్న గుర్తు) అని రాసున్నా కేబులు ప్రవేశం పైనుంటే నీళ్లు లోపలికి వెళ్తాయి. ప్రవేశం కింది నుంచే, తీగకు యూ ఆకారంలో ఒక వంపు. లెన్సుకు పొడి గుడ్డ మాత్రమే.

నేల. డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. ఏటా వేసవి చివర తలుపు ఫ్రేము రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు ఒరిగి, మ్యాగ్నెట్ ప్లేటు ఒక మూల ఎత్తుగా నిలుస్తుంది. పట్టు తగ్గి, గట్టిగా లాగితే ఊడుతుంది. ప్లేటును బిగదీసి కట్టకుండా, రబ్బరు వాషర్ల మీద కాస్త ఊగేలా వదిలితే తనే సర్దుకుంటుంది. బిగింపు కనిపించగానే గట్టిగా తిప్పే చేతులు ఎక్కువ, కాబట్టి మెయింటెనెన్సు షీటులో ‘బిగించరాదు’ అని ఎర్ర అక్షరాల్లో రాశారు.

తలుపు పట్టి ఉంచడం. తెరుచుకున్నాక 5 సెకన్లకు తాళం, 20 సెకన్లు తెరిచే ఉంటే బజరు, యాంటీరూముల్లో ట్రాలీ వెళ్లాలి కాబట్టి 45. మొదట అన్నింటికీ 20 పెట్టారు, ట్రాలీ మధ్యలో ఉండగా బజరు మోగి మోగి, చివరికి ఎవరో బజరు వైరు పీకేశారు. ఇప్పుడు బజరు వైరు తెగినా కంట్రోలరుకు తెలిసేలా లైనుకు ఎండ్ రెసిస్టరు ఉంది.

వారానికోసారి రికార్డును సీసీటీవీతో పక్కపక్కన పెట్టి ఒక అరగంట చూస్తారు. గడియారాలు రెండూ సమయం సరిచేసే ఒకే ఎన్‌టీపీ సర్వరుకు కట్టకముందు వాటి మధ్య నాలుగు నిమిషాల తేడా ఉండేది. అంత తేడా ఉన్నప్పుడు ఎవరు ఎవరి వెనక దూరారో చెప్పడం ఎవరి వల్లా కాలేదు.